తెల్లారి ఇంటికెళ్లే సిస్టర్లకు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నెలకు పది నైట్ డ్యూటీలు. రాత్రి ఎనిమిదికి ఎక్కితే పొద్దున్న ఎనిమిదికి దిగడం. పగలు పడుకుంటే మూడు గంటలకే మెలకువ వచ్చేస్తోంది. నిద్రమాత్ర వేసుకోవచ్చా?
– స్టాఫ్ నర్సు, పాలకొల్లు

జవాబు: మాత్ర సంగతి తర్వాత, ముందు టీ సంగతి చూడండి. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి తాగిన టీ మీరు తొమ్మిదింటికి మంచం ఎక్కేసరికి ఇంకా సగం పనిచేస్తూనే ఉంటుంది. రాత్రి రెండు దాటాక టీ, కాఫీ మానేయండి. భోజనం ఒంటిగంట లోపు, పెరుగన్నమో రెండు ఇడ్లీలో, కొద్దిగా. రాత్రిపూట ఇన్సులిన్ మందంగా పనిచేస్తుంది కాబట్టి మూడింటికి బిరియానీ పొట్లం విప్పితే షుగర్ పగటికంటే ఎక్కువ పెరుగుతుంది.

రెండోది వెలుతురు. పొద్దుటి ఎండ కంట్లో పడితే నిద్రను రప్పించే మెలటోనిన్ ఆగిపోతుంది. ఇంటికి రాగానే కిటికీకి ముదురు దుప్పటి కట్టండి. పెళ్లిళ్ల రోజుల్లో మైకులుంటాయి, మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్ ప్లగ్గులు పెట్టుకోండి. ఒక్క విడతలో ఏడు గంటలు రాకపోతే విడగొట్టుకోండి: తొమ్మిది నుంచి ఒకటిన్నర దాకా ఒక నిద్ర, సాయంత్రం డ్యూటీకి ముందు రెండున్నర గంటలు ఇంకో నిద్ర. ఆ మధ్యలో వంట, పిల్లల పనులు. "పగలంతా పడుకుంటుంది" అనే మాట పడకుండా ఉండాలంటే ఈ వేళలు కాగితం మీద రాసి, అత్తగారికి కూడా కనబడేలా వంటింట్లో అంటించండి. నవ్వులాట కాదు, పగటినిద్ర చెడగొట్టే వాటిలో కాలింగ్ బెల్లూ ఒకటి.

కాలవ గట్టు మీద స్కూటీలో వెళ్లేవారైతే ఒక జాగ్రత్త. కునుకు రెండు సెకన్లు పట్టినా బండి కాలవలో ఉంటుంది. కళ్లు మూతలు పడుతుంటే డ్యూటీ రూములో 20 నిమిషాలు పడుకుని, లేచాక మరో పది నిమిషాలు మత్తు వదిలాకే బండి తీయండి. అంతకంటే బస్సు మేలు.

రాత్రి షిఫ్టు పనిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనూ, మళ్లీ 2019లోనూ 'బహుశా క్యాన్సర్ కారకం' వర్గంలోనే ఉంచింది. అంటే మీకు వస్తుందని కాదు, వరసగా ఏళ్ల తరబడి నైట్లు వేయించుకోవద్దని. రోస్టరు (డ్యూటీ వేళల పట్టిక) అడిగే వీలుంటే ఉదయం, తర్వాత మధ్యాహ్నం, తర్వాత రాత్రి అనే వరసలో, వరసగా నైట్లు మూడు మించకుండా అడగండి. రాత్రి, మధ్యాహ్నం, ఉదయం అని వెనక్కి తిప్పే రోస్టరు ఒంటికి ఎక్కువ కష్టం. ఇవన్నీ నెల రోజులు చేసి చూశాక కూడా నిద్ర రాకపోతే అప్పుడు డాక్టరును అడగండి. షాపులో కొనే మాత్ర మాత్రం వద్దు, దాని మత్తు తర్వాతి డ్యూటీలో ఇంజక్షన్ డోసు లెక్కపెట్టేటప్పుడు తేలుతుంది.

ప్రశ్న: రక్తం తీసిన సూదికి క్యాపు పెడుతుంటే వేలికి గుచ్చుకుంది. స్పిరిట్ పోసి గట్టిగా పిండేశాను. చెబితే యాజమాన్యం తిడుతుందని భయంగా ఉంది.
– నర్సింగ్ హోమ్ ఉద్యోగిని, అమలాపురం

జవాబు: పిండకూడదమ్మా, స్పిరిట్ కూడా వద్దు. కండ నలిగితే క్రిమి లోపలికి వెళ్లే దారి పెరుగుతుంది. సబ్బు, పారే నీళ్లతో కడగాలి, అంతే. ఆపైన గడియారం చూసుకోవాలి. హెచ్ఐవీ నివారణ మందు మొదటి డోసు వీలైతే రెండు గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు పడాలి. పేషెంటు రిపోర్టు వచ్చేదాకా ఆ డోసు ఆపకండి, నెగెటివ్ అని తేలితే డాక్టరే మానిపిస్తారు. ప్రభుత్వ ఏఆర్‌టి కేంద్రంలో (హెచ్ఐవీ మందులిచ్చే చోటు), ఉదాహరణకు కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో, ఉచితం. వేళ మించిన సమయంలో ఎమర్జెన్సీకి వెళ్లి విషయం చెప్పండి. కోర్సు 28 రోజులు. వికారంగా ఉందని మధ్యలో మానేయడం తప్పు.

భయం ఎంత పడాలో కూడా తెలుసుకోండి. హెచ్ఐవీ ఉన్న రక్తం సూదితో గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యికి మూడు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి మాత్రం టీకా వేయించుకోనివారికి నూటికి ముప్ఫై దాకా ఉంటుంది. అందరూ భయపడేది మొదటిదానికి, పడాల్సింది రెండోదానికి. టీకా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. చివరి డోసు అయిన ఒకటి రెండు నెలలకు యాంటీ హెచ్‌బీఎస్ పరీక్ష (టీకా రక్షణ ఏర్పడిందో లేదో చెప్పేది) చేయించుకుని, విలువ 10 mIU/mL దాటిందో లేదో చూసి ఆ కాగితం దాచుకోండి. టీకా లేనివారికి వీలైనంత త్వరగా, 24 గంటల్లోపు అయితే మంచిది, హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణనిచ్చే ఇంజక్షన్), వేరే చేతికి టీకా. హెపటైటిస్ సికి నివారణ మందు లేదు, వస్తే మాత్రలతో నయమవుతుంది. అందుకే పరీక్షలు వదలొద్దు: ఇప్పుడొకటి, ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు.

సంఘటన జరిగిన టైము, సూది రకం, పేషెంటు నంబరు రిజిస్టరులో రాసి నకలు ఫోనులో ఉంచుకోండి. రేపు ఏదైనా జరిగితే ఆ రాతే ఆధారం. క్యాపు రెండు చేతులతో పెట్టే అలవాటు ఈ రోజుతో ఆపేయండి. సూది వాడిన చోటే తెల్ల షార్ప్స్ డబ్బాలో పడాలి. డబ్బా ముప్పావు వంతు నిండగానే మార్చాలి, నిండిన డబ్బాలోకి కుక్కేటప్పుడే చాలా సూదులు గుచ్చుకుంటాయి.

ప్రశ్న: డ్యూటీ దిగేసరికి కాళ్లు దిమ్మల్లా అవుతున్నాయి. మా ఊళ్లో బోదకాలు ఉంది, అదేనేమో అని అనుమానం.
– ఆపరేషన్ థియేటర్ (ఓటీ) నర్సు, నరసాపురం

జవాబు: రాత్రి వాచి, పడుకుని లేచేసరికి తగ్గిపోయే వాపు, రెండు కాళ్లకూ సమానంగా ఉంటే చాలావరకు నిలబడి నిలబడి సిరల్లో రక్తం నిలవడమే. 15–20 mmHg పీడనం ఉన్న బిగుతు మేజోళ్లు పొద్దున్న మంచం దిగకముందే తొడగాలి. వాచాక తొడిగితే ప్రయోజనం తక్కువ. షుగర్ ఉండి పాదాలు తిమ్మిరెక్కేవారు డాక్టరును అడిగాకే వాడాలి. కేసుకూ కేసుకూ మధ్య మడమలు ఇరవైసార్లు ఎత్తిదించండి. పిక్క రక్తాన్ని పైకి తోసే పంపు.

ఒకే కాలు హఠాత్తుగా వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే రక్తపు గడ్డ అనుమానం, అదే రోజు స్కాన్. చలిజ్వరం, గజ్జల్లో బిళ్ల, దానితో ఒక కాలు వాపు వస్తుంటే ఫైలేరియా (బోదకాలు) ఉందేమో చూడాలి. డెల్టాలో ఇది కొత్త సంగతి కాదు. క్రిములు రాత్రి పదికీ రెండుకీ మధ్య రక్తంలోకి ఎక్కువ వస్తాయని అప్పుడు నమూనా తీస్తారు. తమాషా ఏమిటంటే వాటి టైము మన నిద్రను పట్టి నడుస్తుంది. వరసగా నైట్లు చేసి పగలు పడుకునేవారికి ఆ లెక్క తప్పవచ్చు. రక్తంలో క్రిమి ఆనవాలు పట్టే యాంటిజెన్ స్ట్రిప్ పరీక్షకు వేళతో పనిలేదు, దాన్నే అడగండి.

ప్రశ్న: మూత్రంలో మంట, ఏడాదిలో మూడోసారి.
– ఐసీయూ నర్సు, తణుకు

జవాబు: నీళ్లు తాగకపోవడం, ఆపుకోవడం. ఐసీయూలో కారణం ఇవే కావచ్చు, అయినా మూడోసారి కాబట్టి మూత్రం కల్చర్ (ఏ క్రిమో తేల్చే పరీక్ష) చేయించి మందు వాడండి. లీటరు సీసా రెండు: ఒకటి మొదటి ఆరు గంటలకు, రెండోది తర్వాతి ఆరింటికి. బాత్రూముకు వెళ్లడానికి మూడు గంటలకొకసారి పక్క సిస్టరుకు మీ బెడ్లు అప్పగించే ఏర్పాటు ఇన్‌ఛార్జితో మాట్లాడి పెట్టించుకోండి. ఒక్కరే అడిగితే గొడవలా ఉంటుంది, షిఫ్టులో నలుగురూ కలిసి అడిగితే రోస్టరులో చేరుతుంది.