చెక్ భాష నేర్చుకుంటే ఫీజు లేని చదువు... నిజమేనా?

ప్రశ్న: మా బాబు ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాడు. ఏడాది చెక్ భాష నేర్చుకుంటే ప్రాగ్‌లో ఫీజు లేకుండా ఇంజినీరింగ్ చదవొచ్చని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. నమ్మొచ్చా? ఇంగ్లిషే తడుముకుంటూ మాట్లాడతాడు. ఇంకో భాష ఏడాదిలో వస్తుందా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, వాళ్లు అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పారు. చెక్ రిపబ్లిక్‌లోని పబ్లిక్ యూనివర్సిటీల్లో చెక్ మీడియంలో చదివితే ఏ దేశం వాళ్లకైనా ట్యూషన్ ఫీజు ఉండదు. అదే కోర్సు ఇంగ్లిష్ మీడియంలో అయితే ఉంటుంది. మిగతా సగం ఏమిటంటే, చెక్ మీడియంలో సీటుకు సాధారణంగా బీ2 స్థాయి (ఏ1 నుంచి సీ2 దాకా ఉండే యూరప్ భాషా కొలతలో ఆరింట నాలుగో మెట్టు) అడుగుతారు. కూరగాయలు బేరమాడే చెక్ దానికి చాలదు. మ్యాథ్స్ లెక్చర్ విని నోట్స్ రాసుకునేంత రావాలి. ఆ ఏడాది కోర్సు ఫీజు, హాస్టల్, తిండి అన్నీ మీ జేబులోంచే, అదీ లక్షల్లో.

ఏడాదిలో వస్తుందా అన్నారు. అమెరికా ప్రభుత్వం తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పే సంస్థ ఒకటుంది. చెక్‌తో ఆఫీసు పని నడపాలంటే 44 వారాలు, సుమారు 1100 క్లాసు గంటలు కావాలని దాని లెక్క. తమాషా ఏమిటంటే అదే జాబితాలో, అదే వర్గంలో మన తెలుగు కూడా ఉంది! అంటే రోజుకు అయిదు గంటల క్లాసు, ఆపైన హోంవర్క్. మధ్యలో పదిహేను రోజులు బద్ధకిస్తే అందుకోవడం కష్టం.

ఇంగ్లిష్ రాదని మాత్రం భయపడకండి. చెక్ విషయంలో మీవాడికి ఇంగ్లిష్ కన్నా తెలుగే ఎక్కువ సాయపడుతుంది. ‘నాకు చలిగా ఉంది’ అనడానికి చెక్‌లో ‘యె మి జిమ’ అంటారు. ‘మి’ అంటే ‘నాకు’. ఇంగ్లిష్‌లోలా ‘నేను చలి’ కాదు. ‘నాకు ఇరవై ఏళ్లు’ కూడా అంతే, ‘యె మి ద్వత్సెత్ లెత్’. అందులోని ‘త్స’ మన ‘చాప’లోని ‘చ’ లాంటిదే. విభక్తులు అక్కడ ఏడు, మన బడి వ్యాకరణంలో ఎనిమిది. ‘ఇల్లు’ కాస్తా ‘ఇంటికి’, ‘ఇంట్లో’ అయినట్టే వాళ్ల ‘ప్రహ’ (ప్రాగ్‌ను వాళ్లు అలాగే అంటారు) ‘లో’ చేరేసరికి ‘ఫ్ ప్రజె’ అవుతుంది. నువ్వు, మీరు తేడా ఉంది. పిలుపులోనూ మాట మారుతుంది: అమ్మను వాళ్లు ‘మామ’ అంటారు, పిలిస్తే ‘మామో!’. మన పిల్లలు మొదటి వారం దీనికే పడీపడీ నవ్వుతారు. దీర్ఘాలూ మనకు కొత్త కాదు. ‘బిత్’ అంటే ఫ్లాటు, ‘బీత్’ అంటే ఉండటం.

తిప్పలు వేరేచోట ఉన్నాయి. మనది అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగుస్తాయి. వాళ్లకేమో అచ్చు ఒక్కటీ లేకుండా ‘స్త్ర్‌చ్ ప్ర్‌స్త్ స్క్ర్‌జ్ క్ర్‌క్’ అని పూర్తి వాక్యమే ఉంది. గొంతులోంచి వేలు దూర్చమని దాని అర్థం, చదివితే నిజంగా అలాగే ఉంటుంది. ‘ర’, ‘ఝ’ ఒకేసారి పలికినట్టుండే అక్షరం ఇంకొకటి. మూడు, నాలుగు అంకెలు చెప్పాలంటేనే అది కావాలి. మా ఆఫీసులో ఒకబ్బాయి ‘మూడు’ అనే మాటను పదిసార్లు ప్రయత్నించి, నీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టాడు. చెక్ పిల్లలకే అది ఆలస్యంగా పలుకుతుంది, కాబట్టి సిగ్గుపడక్కర్లేదు. అసలు కష్టం వస్తువులకూ మూడు లింగాలుండటం, లింగాన్ని బట్టి విభక్తి రూపం మారడం. ఇది బట్టీతోనే వస్తుంది. పైగా పుస్తకంలో ‘ఒక్నొ’ (కిటికీ) అని నేర్చుకుని ప్రాగ్ వీధిలోకి వెళితే ‘వొక్నొ’ అని వినిపిస్తుంది. మనం ‘ఒకటి’ అని రాసి ‘వొకటి’ అనమా, అలాగే.

భాష కాకుండా ఇంకో రెండు సంగతులున్నాయి. ఇంటర్ సర్టిఫికెట్‌ను అక్కడ గుర్తింపజేసుకోవాలి, దీన్ని నోస్ట్రిఫికేషన్ అంటారు. ఎంట్రన్స్ ఉంటే అదీ చెక్‌లోనే. ఏడాది కోర్సు చేరేట్టయితే పబ్లిక్ యూనివర్సిటీ సొంతంగా నడిపేదే చూడండి. 1348లో పుట్టిన చార్ల్స్ యూనివర్సిటీకి ఇందుకోసమే ఒక విభాగం ఉంది, పొద్యెబ్రది అనే చిన్న ఊళ్లోనూ క్లాసులు నడుపుతుంది. ఊరూపేరూ లేని ప్రైవేటు స్కూలు లెటరుతో వీసాకు వెళ్లడం నాకు ఇష్టం లేదు.

నన్నడిగితే ఎప్‌సెట్ సీటు వదలొద్దు. ఇక్కడ బీటెక్ చేసి, ఇంగ్లిష్ మీడియంలో ఎంఎస్‌కు అక్కడికి వెళ్లడం తక్కువ రిస్కు. అప్పటికీ చెక్ వృథా కాదు. పర్మనెంట్ రెసిడెన్సీకి 2021 నుంచి ఏ2 స్థాయి అడుగుతున్నారు, పౌరసత్వానికైతే బీ1.

బాబు ‘ఇప్పుడే వెళ్తా’ అని పట్టుబడితే మూడు నెలలు ఆగమనండి. డ్యుయొలింగోతో మొదలుపెట్టి, రెండో వారం నుంచి ఆన్‌లైన్‌లో ఒక చెక్ టీచర్ దగ్గర చేర్పించండి. రోజుకు రెండు గంటలు. మూడు నెలలయ్యాక ఆ టీచర్‌తో కాగితం చూడకుండా పది నిమిషాలు తన ఊరి గురించి, ఇంటి గురించి మాట్లాడగలిగితే నాకు మళ్లీ రాయండి, ఫీజుల లెక్కలు అప్పుడు చూద్దాం. అంతవరకు కన్సల్టెన్సీకి అడ్వాన్సు కట్టకండి.