పెరటి పచ్చతొండను పెంచాలనుకునే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

హ్యూస్టన్‌లో మీ పెరటి కంచె మీద పాప పట్టుకున్న పచ్చని చిన్న తొండను ఇంట్లో పెంచుకోవచ్చా అని అడిగావు. నువ్వు పంపిన ఫొటోలో ఉన్నది గ్రీన్ అనోల్, అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల సొంత జీవి. ఆకుపచ్చ నుంచి గోధుమరంగుకు మారుతుంది కనుక దీన్ని అమెరికన్ కమేలియన్ అని కూడా అంటారు గానీ, ఇది ఎంత ముదిరినా ఊసరవెల్లి కాదు.

ముందుగా మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ నియమాలు చూసుకో. అడవి జీవిని పట్టి ఉంచుకోవడానికి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో నిబంధన ఉంటుంది. మన దేశంలోనైతే ఉడుము, ఊసరవెల్లి వంటివాటికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది కనుక, సెలవులకు వచ్చినప్పుడు పాప ఇక్కడ ఆ సరదా పడకుండా చూడు.

నేను అక్కడున్న రోజుల్లో పెంచిన మొదటి అనోల్ నా తెలివితక్కువతనం వల్లే చనిపోయింది. గిన్నె నిండా నీళ్లు పెట్టి, పెట్టెను కిటికీ పక్కన ఎండలో ఉంచి, ఇంకేం కావాలనుకున్నాను. అది నిలవ నీటిని గుర్తించి తాగడం అరుదనీ, ఆకుల మీద జారే చుక్కలనే నాకుతుందనీ అప్పుడు నాకు తెలియదు. ఎముకలకు కావలసిన అతినీలలోహిత కిరణాలను కిటికీ అద్దం చాలావరకు ఆపేస్తుందనీ, మూసిన గాజుపెట్టె ఎండలో పొయ్యిలా వేడెక్కుతుందనీ కూడా తరువాతే తెలిసింది. కాబట్టి నువ్వు రోజుకు రెండుసార్లు మొక్కల మీద నీళ్లు చిలకరించు. ఆ అతినీలలోహిత కిరణాల కోసం సరీసృపాలకని అమ్మే యూవీబీ ట్యూబు దీపం పెట్టి, వెలుగు కనిపిస్తూనే ఉన్నా తయారీదారు చెప్పిన గడువుకు మార్చు, ఎందుకంటే కంటికి కనిపించని ఆ కిరణాలు ముందే తగ్గిపోతాయి.

పెట్టె పొడవుకంటే ఎత్తు ముఖ్యం. ఒక్కదానికి అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు, పైన జాలీ మూత, లోపల ఎక్కడానికి కొమ్మలు, దాక్కోవడానికి గుబురు ఆకులు ఉంటే సరిపోతుంది. పైకొమ్మ దగ్గర పగలు 85 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండి, కిందివైపు చల్లగా ఉంటే ఎక్కడ కూర్చోవాలో అదే చూసుకుంటుంది. గోధుమరంగుకు తిరిగినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. రోజంతా అదే రంగులో ఉండి, కంటి వెనుక నల్లమచ్చ కూడా తేలితే మాత్రం చలో బెదురో దాన్ని బాధిస్తున్నట్టు.

ఆహారం బతికి కదిలేదై ఉండాలి. క్రికెట్లని దుకాణాల్లో అమ్మే ఇలకోళ్లలో దాని తలలో సగానికి మించనివి ఎంచి, వాటికి ముందురోజు ఆకుకూరలు మేపి, కాల్షియం పొడి అద్ది రెండు మూడు వేయి. మిగిలినవాటిని రాత్రికి తీసేయి, నిద్రపోయే తొండను అవి కొరుకుతాయి. జత ఉంటే బాగుంటుందని రెండు మగవాటిని మాత్రం ఒకే పెట్టెలో వేయకు. గొంతు కింది గులాబీ గంగడోలును విసనకర్రలా విప్పుకుంటూ, బలహీనమైనది చిక్కిపోయేదాకా పోట్లాడుకుంటాయి.

పాపకు ఇది చేతిలో ఆడించుకునే జీవి కాదని చెప్పు. తోక పట్టుకుంటే తెగిపోతుంది, మళ్లీ మొలిచినా ఆ తోక మునుపటిలా ఉండదు. దాని ఒంటి మీద కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు కనుక ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించు, పెట్టెను వంటింటి సింకులో కడగకు, చిన్నవాణ్ణి అసలు ముట్టనివ్వకు.

అడవిలో పట్టినవాటిలో కొన్ని తిండి మానేస్తాయి. నాలుగైదు రోజులు చూసినా ముట్టకపోతే, వెచ్చని పగటిపూట అదే కంచె మీద, పట్టిన చోటే వదిలేయండి. ఆ సంగతి పాపకు ఈ రోజే చెప్పి ఉంచు.

ఇట్లు,
మామయ్య