కెల్లీల డాలు ఆర్డర్ ఇచ్చే ముందు

చిన్నీ,

నీ పెళ్లికి మీ మామగారికి కెల్లీ వంశ చిహ్నం చెక్కిన డాలు కానుకగా ఇస్తున్నావని, శుభలేఖ మీద కూడా అదే అచ్చు వేయిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. అడుగు పెట్టబోయే ఇంటి మూలాల మీద నీకు ఇంత శ్రద్ధ ఉన్నందుకు నా కడుపు నిండిపోయింది. అయినా రాత్రంతా నిద్ర పట్టలేదు. పెళ్లై ఐర్లండ్ వచ్చి నేనూ కెల్లీల కోడలినయ్యాను కాబట్టి నా మాట విను.

కెల్లీ అంటే ఒకే కుటుంబం కాదు. ఈ ఇంటిపేరు అసలు రూపం ‘ఓ కెల్లీ’. ‘ఓ’ అంటే మనవడు, ఆ తర్వాత వచ్చేది తాత పేరు, ‘కెల్లాఖ్’ అన్నదే కెల్లీ అయింది. ఆ పేరున్న తాతలు ఈ దేశంలో చాలామంది. పడమట గాల్వే, రోస్‌కామన్ కౌంటీల వైపు ఉయి మానే అనే పాత రాజ్యాన్ని ఏలినవాళ్లు ఒక కెల్లీలు. మీత్, డెర్రీ, లీష్ కౌంటీల్లో ఉన్నవాళ్లు వేరే వేరే కెల్లీలు. మనలో ఇంటిపేరు ఒకటే అయినా గోత్రం వేరైతే దాయాదులు కారు కదా, ఇదీ అంతే.

నువ్వు ఆన్‌లైన్‌లో చూసిన బొమ్మ ఉయి మానే వాళ్లది: నీలం డాలు మీద వెండి బురుజు, అటూ ఇటూ నిక్కి నిలబడ్డ సింహాలు, వేలాడే బంగారు గొలుసులు. పైన ఉండే వింత జంతువు పేరు ఎన్‌ఫీల్డ్, దానికి నక్క తల, గద్ద గోళ్లు. 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో టైగ్ మోర్ ఓ కెల్లీ పడిపోతే, ఆ జంతువు సముద్రంలోంచి వచ్చి ఆయన శవానికి కాపలా కాసిందని కథ. అందమైన కథే. అది మీ మామగారి పూర్వీకుల కథేనా అన్నది తేల్చుకోవాలి.

మా మామగారు పోయినప్పుడు మా మరిది తండ్రి మీద ప్రేమతో సమాధి రాయి మీద ఆ బురుజూ సింహాలూ చెక్కించాడు. ఏదో దుకాణంలో ఇంటిపేరు చెబితే బొమ్మ ఇచ్చారట. రాయి నిలబెట్టిన రోజు మా అత్తగారు దాని ముందు చాలాసేపు నిలబడి, “ఈ కోట ఎవరిది?” అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. తర్వాత నేను రికార్డులు వెతికాను. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో పొలాలకీ ఇళ్లకీ విలువ కట్టి తయారుచేసిన గ్రిఫిత్ వాల్యుయేషన్ అనే జాబితాలో మా వాళ్లు లీష్‌లో దొరికారు. దాన్ని అప్పట్లో క్వీన్స్ కౌంటీ అనేవారు. గాల్వేతో ఏ సంబంధమూ లేదు. చెరిపిద్దామంటే రాయి గుంట పడుతుందన్నారు, అలాగే వదిలేశారు. ఇప్పుడు మా పిల్లలు దాన్ని చూపించి తమది రాజవంశమని చెప్పుకుంటున్నారు. దూరపు బంధువొకాయన ఆ రాయిని ఫొటో తీసి, అదే సాక్ష్యంగా తన వంశవృక్షంలో రాసేసుకున్నాడు. రాతి మీద ఉన్నదాన్ని ఎవరు కాదంటారు? లీష్‌లో కౌలు పొలం దున్నుకుని బతికిన అసలు మనుషుల పేర్లు మాత్రం ఎవరికీ పట్టలేదు. నా బాధంతా అదే.

పైగా వంశ చిహ్నం ఇంటిపేరుకి ఇచ్చేది కాదు. ఒక మనిషికి ఇస్తారు, అది అతని సంతతికి వస్తుంది. ఆ పని డబ్లిన్‌లో ఛీఫ్ హెరాల్డ్ కార్యాలయం చూస్తుంది. 1552 నుంచి అల్‌స్టర్ కింగ్ ఆఫ్ ఆర్మ్స్ అనే అధికారి చేసిన పని అది, 1943లో ఐర్లండ్ ప్రభుత్వం చేతికి వచ్చింది. మీ వాళ్లు నిజంగానే ఉయి మానే కెల్లీలైనా, గోడకి తగిలించుకోవడం వేరు, శుభలేఖ మీద మాదని అచ్చు వేయించుకోవడం వేరు. అది చెయ్యకు తల్లీ. తెలిసినవాళ్లు చూస్తే పెళ్లిరోజున నీ పరువు పోతుంది. ఆ టెన్షన్ నాకొద్దు.

ముందు టౌన్‌ల్యాండ్ పట్టుకో. అది ఊరికంటే చిన్న నేల. ఐర్లండ్‌లో 60,000కు పైగా ఉన్నాయి, ఏదన్నది తెలియకపోతే కెల్లీల గుంపులో ఎవరినీ గుర్తుపట్టలేవు. అబ్బాయి ముత్తాత వలస వెళ్లిన బోస్టన్‌లో చర్చి పెళ్లి రిజిస్టర్లు, సమాధి రాళ్లు చూడు. అక్కడి పైలట్ పత్రికలో 1831 నుంచి 1921 దాకా తప్పిపోయిన బంధువుల కోసం ప్రకటనలు వచ్చేవి, వాటిలో సొంతూరు పేరు కూడా చాలావాటిలో ఉంటుంది. 1922లో డబ్లిన్ రికార్డుల భవనం తగలబడి పాత జనాభా లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి. 1901, 1911వి ఉచితంగా చూడొచ్చు.

అన్నిటికంటే ముందు అబ్బాయి నాయనమ్మ దగ్గర కూర్చో. ఆవిడ ఆరోగ్యం బాగాలేదని విన్నాను. మా అత్తగారిని అడుగుదామని నేను అనుకునేలోపే ఆవిడ మాట పడిపోయింది. ఈ వారమే వెళ్లు.

డాలు బదులు నా మాట విని ఇది చెయ్యి. ముత్తాత అమెరికా వెళ్లినా, ఊళ్లో ఉండిపోయిన తోబుట్టువు ఎవరో ఒకరు 1911 లెక్కల్లో దొరకొచ్చు. ఆ ఫారం ఇంటి పెద్ద సంతకంతో ఉంటుంది. భార్య పేరు ఎదురుగా ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అన్న అంకెలుంటాయి. దాన్ని ఫ్రేమ్ కట్టించి ఇవ్వు.

ముత్తాత పేరు, పుట్టిన సంవత్సరం, ఆయన తల్లిదండ్రుల పేర్లు తెలిసినంతవరకు నాకు పంపు, ఇక్కడ నేనూ వెతుకుతాను. డాలుకి అడ్వాన్స్ కట్టేసి ఉంటే పోతే పోయింది, రేపే ఫోన్ చేసి ఆపించు. వేళకి తిను.

ప్రేమతో,
పెద్దమ్మ