మీ ప్రశ్నలు: "వాడికి ఇంట్లో ఎవరూ లేరా?"

ప్రశ్న: అమ్మా, బి.ఏ. ఇంగ్లీషు చివరి సంవత్సరం చదువుతున్నాను. ఈసారి పాఠాల్లో డిస్టోపియా నవలలు ఉన్నాయి. రాజ్యం మనిషిని నలిపేసే రోజులను ఊహించి రాసిన కథలు. "వ్యక్తి మంచి, సమూహం చెడు, ఇవన్నీ చెప్పేది ఇదే" అని క్లాసులో చెప్పారు. మాది పదకొండుమంది ఉన్న ఇల్లు. ఏ గదికీ గడియ పెట్టుకోము. నా ఫోను మోగితే ఎవరని ముగ్గురు అడుగుతారు. ఒక నవలలో గాజు గోడల ఇళ్ల గురించి చదువుతుంటే మా ఇల్లే గుర్తుకొచ్చింది. "మీ ఇల్లే ఒక చిన్న డిస్టోపియా" అని స్నేహితురాలు అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వ్యాసంలో ఏమని రాయను?
- ఒక విద్యార్థిని, పెరంబూరు, చెన్నై

జవాబు: చూడమ్మా, ముందు నా సంగతి ఒకటి చెప్తాను. నేను ఆర్వెల్ నవల '1984' కొన్నది 1984లోనే. సెంట్రల్ స్టేషను పక్కన మూర్ మార్కెట్లో, పాత పుస్తకాల కొట్లో. మరుసటి ఏడాదే ఆ మార్కెట్ కాలిపోయింది. అప్పుడు మేము మైలాపూరులో రెండు గదుల వాటాలో ఎనిమిది మందిమి. చదువుకోవడానికి నాకంటూ ఉన్న చోటు మేడ మెట్లలో నాలుగో మెట్టు. నేను అక్కడ కూర్చున్నంతసేపూ ఎవరు పిలిచినా మా మేనత్త "దానికి తలనొప్పి, కాసేపు వదిలేయండి" అనేది. నాకు ఏ తలనొప్పీ లేదని ఆమెకు తెలుసు.

ఒక సాయంత్రం ఆమె నాకు రెండు మెట్ల కింద కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ, "ఏముందే ఆ పుస్తకంలో?" అని అడిగింది. "ఒకతను గోడవార మూలన కూర్చుని, ఎవరికంటా పడకుండా డైరీ రాసుకుంటాడత్తయ్యా. అక్కడ అది పెద్ద నేరం" అన్నాను. ఆమె చేతులు ఆగాయి. "వాడికి ఇంట్లో ఎవరూ లేరా?" అంది.

ఆ నవల మీద ఎన్నో వ్యాసాలు చదివాను. అంతకన్నా మంచి ప్రశ్న ఎక్కడా కనిపించలేదు. డైరీ రాసుకునే ఆ విన్‌స్టన్‌కు నిజంగానే ఎవరూ లేరు. అతని చిన్నతనంలోనే తల్లీ చెల్లెలూ మాయమయ్యారు. భార్య విడిపోయింది. పొరుగింటి పార్సన్స్ నిద్రలో పలవరించిన మాటను ఏడేళ్ల కూతురు తలుపు సందు దగ్గర విని పోలీసులకు చెప్పింది. జైల్లో ఆ తండ్రి కూతురిని చూసి గర్వపడతాడు. ఆ పేజీ నన్ను ఇప్పటికీ వణికిస్తుంది. అక్కడ రాజ్యమేలే పార్టీ ముందుగా కూల్చింది ఇళ్లను. హక్స్లీ 1932లో రాసిన 'బ్రేవ్ న్యూ వరల్డ్'లో పిల్లలు సీసాల్లో పుడతారు, 'అమ్మ' అన్న మాట అక్కడ బూతు. సమూహం అంటే ఇల్లూ వాకిలీ, చుట్టుపక్కాలూ అని మనం అనుకుంటాం కదా, ఈ కథల్లోని రాజ్యాలకు అవే పడవు.

'1984'లోని చిత్రహింసల గది, ఆ 101వ గది దగ్గరికి మళ్లీ వెళ్లు. ఎలుకల పంజరం ముఖానికి దగ్గరగా తెచ్చినప్పుడు విన్‌స్టన్ ఏమని అరుస్తాడు? నన్ను వదిలేయండి, జూలియాకు చేయండి అని. జూలియా అతను ప్రేమించిన మనిషి. అంటే రాజ్యం అతనిలో చివరికి మిగిల్చింది 'నేను' ఒక్కటే, తన ఒళ్లు కాపాడుకుంటే చాలనుకునే నేను. తెంచింది అతనికీ జూలియాకూ మధ్య ఉన్న 'మనం'ను. వ్యక్తి మంచి, సమూహం చెడు అన్న సూత్రం ఈ గది దాటి ముందుకు వెళ్లలేదు.

నీ గాజు గోడల నవల రష్యన్ రచయిత జమ్యాతిన్‌ది. అందులో మనుషులకు పేర్లు లేవు, అంకెలే. ముద్దకు యాభైసార్లు నమలాలని కూడా చట్టం. దాని పేరు ఇంగ్లీషులో 'వి' (We). మన 'మనం', 'మేము' రెండింటికీ రష్యన్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉన్నది ఒక్క మాటే. తెలుగులోకి తెస్తే మాత్రం ఆ పేరు దగ్గరే ఆగిపోతాం. 'మనం' అనాలా, 'మేము' అనాలా? ఈ ఊరి తమిళంలోనూ 'నామ్' వేరు, 'నాంగళ్' వేరు. నేనైతే 'మేము' అంటాను. 'మనం' అనాలంటే ఎదురుగా నువ్వు ఉండాలి. నువ్వూ నేనూ కలిస్తేనే ఆ మాట. ఎదుటి మనిషిని బయట నిలబెట్టి మాట్లాడేది 'మేము'. ఆ రాజ్యం నోట 'మనం' అంటూనే 'మేము' అని శాసిస్తుంది. వ్యాసంలో ఇది రాయి. ఇంగ్లీషులో చదివేవాళ్లకు కనిపించని తేడా నీకు పుట్టుకతోనే తెలుసు.

మీ క్లాసులో చెప్పిన మాట అచ్చంగా సరిపోయే పుస్తకం ఒకటుంది, అయిన్ రాండ్ 1938లో రాసిన 'యాంథెమ్'. 'నేను' అన్న మాటే మరిచిపోయిన లోకంలో ఒకడు ఆ మాటను మళ్లీ కనుక్కుంటాడు. అంతవరకు గుండె కొట్టుకుంటూ చదివాను. ఆ తర్వాత అతను 'నేను'ను దేవుణ్ణి చేసి కొలుస్తాడు. అక్కడ నాకు ఊపిరాడలేదు.

ఇక మీ ఇల్లు. మీ ఇంటిని వెనకేసుకొచ్చి ఇక్కడితో ఆపితే నీకు అన్యాయం చేసినదాన్నవుతాను. ఉర్సులా లె గ్విన్ 'ది డిస్‌పొజెస్డ్' (1974) సంపాదించి చదువు. అందులో అనారెస్ అనే చోట ప్రభుత్వం లేదు, పోలీసులు లేరు. 'నా రుమాలు' అనరు, 'నేను వాడే రుమాలు' అంటారు. అంత మంచి చోట కూడా షెవెక్ అనే శాస్త్రవేత్త పని ముందుకు సాగదు. టిరిన్ అనే అతను ఒక నాటకం రాసిన పాపానికి అందరిచేతా మాటలు పడి మనిషే చితికిపోతాడు. కొట్టేవారు ఎవరూ లేరు. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయమే అక్కడ జైలు. ఆ జైలు మన వీధుల్లోనూ ఉందని నీకూ తెలుసు, నాకూ తెలుసు. పెళ్లి మాట వచ్చినప్పుడు, ఉద్యోగానికి వేరే ఊరు వెళ్తానన్నప్పుడు దాని తలుపులు కనిపిస్తాయి.

కాబట్టి గడియ లేదని బాధపడకు. ఆ పదకొండుమందిలో నీ కోసం "దానికి తలనొప్పి" అని చెప్పేవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? నువ్వు వద్దన్న రోజున కూడా కంచంలో అన్నం అంతే ప్రేమగా పడుతుందా? పడితే నీ స్నేహితురాలి మాట తప్పు. లేదంటే ఆమె మాటలో నిజముంది. దాన్ని దాచకుండా రాయి. ఇంటిని ప్రేమిస్తూనే రాయవచ్చు.

ప్రశ్న: ఈ నవలలన్నీ కమ్యూనిజం మీద ద్వేషంతో రాసినవేనని మా నాన్నగారి వాదన. ఆయన ముప్పై ఏళ్లు కార్మిక సంఘంలో పనిచేశారు. ఆయనకు ఏమని చెప్పాలి?
- ఒక పాఠకుడు, అంబత్తూరు, చెన్నై

జవాబు: మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. గాజు గోడల నవల రాసిన జమ్యాతిన్ యువకుడిగా ఉన్నప్పుడు బోల్షివిక్కే, అంటే లెనిన్ పక్షం మనిషే. 1905లో జారు పోలీసులు ఆయనను జైల్లో పెట్టారు. వృత్తికి ఓడల ఇంజనీరు. 1916లో ఇంగ్లండు వెళ్లి, మంచును చీల్చే ఓడల నిర్మాణాన్ని అక్కడి నౌకాశాలల్లో పర్యవేక్షించారు. ఆయన నవలలోని రాజ్యం అందరికన్నా గొప్పవాడని కొలిచేది మార్క్స్‌ను కాదు, టేలర్‌ను. కార్మికుడి చేతి కదలికలను గడియారం పెట్టి కొలిపించిన అమెరికా టేలర్‌నే! హక్స్లీ లోకంలో శకం లెక్కించేది ఫోర్డు కారు నుంచి. ఫ్యాక్టరీ క్రమశిక్షణ ఊరంతా, బతుకంతా పాకితే ఏమవుతుందన్న భయం ఈ పుస్తకాల్లో ఉంది. అంబత్తూరు షెడ్లలో పనిచేసిన మనిషికి ఆ భయాన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

అయితే రెండో సగం కూడా దాచకండి. 1920-21లో రాసిన ఆ నవల 1924లో న్యూయార్కులో ఇంగ్లీషులో వచ్చింది. సొంత దేశంలో అచ్చుకావడానికి 1988 దాకా ఆగవలసి వచ్చింది. రచయిత 1931లో స్టాలిన్‌కు ఉత్తరం రాసి దేశం విడిచి వెళ్లి, 1937లో పారిస్‌లో కన్నుమూశారు. ఆర్వెల్ చివరిదాకా తనను సోషలిస్టుననే చెప్పుకున్నారు. స్పెయిన్ యుద్ధంలో ఫాసిస్టుల మీద పోరాడుతూ గొంతులో తూటా తిన్నారు. సంఘం కోసం ఒళ్లు వంచినవాళ్లే, అదే సంఘం పేరుతో మనిషి నోరు నొక్కుతుంటే కడుపుమండి రాశారు. మీ నాన్నగారు తమ సంఘం సమావేశాల్లో ఎదురుచెప్పిన మనిషిని ఎలా చూశారో అడగండి. ఆయన చెప్పేది నాకూ రాయండి, వచ్చే నెల వేస్తాను.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. ఇలాంటివి చదువుతానంటున్నాడు. ఏది ముందు ఇవ్వాలి?
- ఒక తల్లి, వేళచేరి, చెన్నై

జవాబు: '1984' ఇప్పుడే వద్దు. లోయిస్ లౌరీ 'ది గివర్' (1993) ఇవ్వండి. అందరూ ఒకేలా ఉండాలన్న ఊరిలో పన్నెండేళ్ల జోనస్ కథ. మొదటి అధ్యాయాల్లో అతను స్నేహితుడితో యాపిల్ పండును బంతిలా విసిరి పట్టుకుంటూ ఆడుకుంటాడు. గాలిలో ఆ పండు ఒక్క క్షణం మారినట్లు అనిపిస్తుంది, ఏం మారిందో అతనికి తెలియదు. ముందు మీరు కూడా చదవండి, కథలో ఒక పసిబిడ్డ విషయం గుండెను పట్టేస్తుంది. ఆ రోజు అబ్బాయి పక్కన ఉండండి. యాపిల్ దగ్గర మాత్రం వాడికి ఏమీ చెప్పకండి, వాడినే కనుక్కోనివ్వండి.