ఛాసిస్‌ని మెలి తిరగనివ్వండి
(లారీ మేస్త్రీకి పాఠకుల ప్రశ్నలు)

ప్రశ్న: మేస్త్రీ గారూ, ముప్ఫై ఏళ్ళు పైబడిన ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ లారీ కొన్నాను. లోడుతో కలిపి 7,500 కిలోల బండి. పాత తొట్టి విప్పేశాను. నాలుగు మీటర్ల పెట్టెలాంటి ఇల్లు కట్టించి, రాళ్ళ దారుల్లో, ఇసుకలో తిరగాలని కోరిక. పెట్టెను ఛాసిస్‌కి యు బోల్టులతో గట్టిగా బిగిస్తే చాలదా? సబ్ ఫ్రేమ్ (పెట్టెకీ ఛాసిస్‌కీ మధ్య వేసే ఇనుప చట్రం) అంటే బరువు దండగ అంటున్నాడు మా వెల్డర్.

జవాబు: చాలదు బాబూ. ఈ ఒక్క విషయంలో మీ వెల్డర్ మాట వినొద్దు.

నేను కట్టిన మొదటి ఇంటి బండిని అలాగే బిగించాను. ఒక్కో పక్క ఎనిమిది బోల్టులు, పొడవాటి పానా పెట్టి ఇద్దరం కలిసి లాగాం. బండి తారు రోడ్డు మీద చక్కగా నడిచింది. ఆ తర్వాత ఒక వాగు గట్టు దగ్గర ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒకేసారి గుంటల్లోకి దిగాయి. బండాయన లోపలికి వెళ్దామని చూస్తే తలుపు రాలేదు. బండిని సమం నేల మీదకి తెచ్చాక తలుపు దానంతటదే తెరుచుకుంది. రెండు నెలలకి తలుపు పైమూల నుంచి జానెడు బీట. అందులోంచి వాన నీళ్ళు దిగి లోపలి ప్లైవుడ్ ఉబ్బిపోయింది. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ పెట్టె మొత్తం విప్పి, నా కూలితోనే మళ్ళీ కట్టిచ్చాను.

జరిగిందేమిటంటే, లారీ ఛాసిస్ నిచ్చెన లాంటిది. రెండు పొడవాటి పట్టీలు, వాటి మధ్య అడ్డ పట్టీలు. ఒక పట్టీని అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లిష్ సి అక్షరంలా ఉంటుంది. నిలువు బరువుని బాగా మోస్తుంది గానీ మెలి పెడితే తిరుగుతుంది. అది లోపం కాదు, కావాలనే అలా చేశారు. ఛాసిస్ మెలి తిరిగితేనే మిట్టపల్లాల్లో నాలుగు చక్రాలూ నేలని పట్టుకుంటాయి. మీరు కట్టే పెట్టె దీనికి పూర్తిగా వేరు. ఆరు పక్కలా మూసిన పెట్టె మెలి తిరగదు, తిప్పబోతే పగులుతుంది. ఈ రెంటినీ గట్టిగా కలిపి కట్టేస్తే బలహీనంగా ఉన్నచోట విరుగుతుంది. తలుపు మూల, కిటికీ మూల, లేదంటే బోల్టు దగ్గర ఛాసిస్ పట్టీ. మొదటి రెండూ అతుకుపెట్టుకోవచ్చు. మూడోది జరిగితే బండి పోయినట్టే.

అందుకని పెట్టె కింద సబ్ ఫ్రేమ్ వేసి, ఛాసిస్‌కి ఒక కొసలోనే గట్టిగా బిగించండి. మీ బండికి వెనక కొస మేలు. ముందు వైపు స్ప్రింగు బోల్టులు వేయండి. అంటే పొడవాటి బోల్టు, దాని మీద గట్టి స్ప్రింగు, పైన నట్టు. ఛాసిస్ మెలి తిరిగినప్పుడు సబ్ ఫ్రేమ్ ఒక పక్క దాన్ని వదిలి పైకి లేస్తుంది, సమం నేల మీద మళ్ళీ కూర్చుంటుంది. స్ప్రింగు మెత్తగా ఉంటే ప్రతి గతుకుకీ పెట్టె ఎగిరి పడుతుంది, బిర్రుగా ఉంటే స్ప్రింగు ఉండీ లేనట్టే. పక్కలకి జరగకుండా రెండు వైపులా గైడు ప్లేట్లు తప్పనిసరి. ఇనుమూ ఇనుమూ ఒరుసుకోకుండా మధ్యలో గట్టి ప్లాస్టిక్ పట్టీ వేయండి.

మూడు పాయింట్ల మౌంటింగ్ గురించి కూడా మీరు వినే ఉంటారు. ఒక కొసలో రెండు చోట్ల, ఇంకో కొసలో నడిమధ్య తిరిగే పివట్ ఒకటి. ఛాసిస్ బాగా మెలి తిరిగే యునిమోగ్ (జర్మనీ ఫోర్ వీల్ డ్రైవ్ బండి) లాంటి పొట్టి బండ్లకి అది నప్పుతుంది. యునిమోగ్ మొదట పొలం పనికి పుట్టిన బండి. అప్పట్లో దాని చక్రాల మధ్య వెడల్పు 1,270 మిల్లీమీటర్లు, అంటే రెండు బంగాళదుంప సాళ్ళ కొలత. మిట్టపల్లాల్లో తిరగాల్సిన బండి కాబట్టి దాని ఛాసిస్ అంత వదులు. పొడవాటి లారీలో బరువంతా మూడు చోట్లే పడితే పట్టీ అక్కడే అలిసిపోతుంది. స్ప్రింగు బోల్టుల పద్ధతిలో బరువు పట్టీ పొడవునా పరుచుకుంటుంది. మీకు అదే చాలు.

ఛాసిస్ సి పట్టీ పైరెక్కకీ కిందిరెక్కకీ చిల్లులు పెట్టొద్దు. వంపు భారం ఎక్కువ పడేది అక్కడే. బోల్టు వేయాలంటే రెక్కల మధ్యనున్న నిలువు భాగంలో, వీలైతే కంపెనీ వేసిన చిల్లుల్లోనే వేయండి. వెల్డింగ్ వేడికి పట్టీ బలం తగ్గుతుంది, ఛాసిస్ మీద మాత్రం వద్దు.

పని అయ్యాక ఒక పరీక్ష. ముందు ఒక చక్రాన్నీ, దానికి మూలమూలగా ఉన్న వెనక చక్రాన్నీ జాకీతో ఎత్తి దిమ్మెల మీద నిలపండి. కిందకి దూరి చూడండి. డీజిల్ ట్యాంకు, సైలెన్సర్, పెట్టె కింద అరలు ఏవి దేనికి తగులుతున్నాయో సుద్దతో గుర్తు పెట్టండి. క్యాబిన్ నుంచి పెట్టెలోకి దారి పెట్టించుకుంటే అక్కడ మడతల రబ్బరు ఉండాలి, ఎందుకంటే ఆ రెండూ ఎవరి దారిన అవి ఊగుతాయి. ఆఖరికి ఇంటి తలుపు తీసి వేయండి. చేతి వేలితో తోస్తే తలుపు తెరుచుకోవాలి.

ప్రశ్న: మేస్త్రీ గారూ, ఇదే పనికి కంప్యూటర్ ఉన్న కొత్త ఇంజను మేలా, పాత పంపు ఇంజనే మేలా?

జవాబు: ఊళ్ళకి దూరంగా తిరగాలంటే నా ఓటు పాత పంపుకే. ఇంజనులోని గేర్లు తిప్పితే పంపు తిరుగుతుంది, పంపు తిరిగితే నాజిల్స్‌కి డీజిల్ అందుతుంది. ఫిల్టరు మార్చాక ఎయిర్ పట్టినా, గాలి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా హ్యాండ్ పంపు కొట్టి, మళ్ళీ బిగించి స్టార్ట్ చేసుకోవచ్చు. కంప్యూటర్ నడిపే కొత్త కామన్ రైల్ ఇంజనులో డీజిల్ వెయ్యి బార్లు దాటిన ఒత్తిడితో ఉంటుంది, ఇంజను తిరుగుతుండగా ఆ పైపుల జోలికి వెళ్ళకండి. పాత పంపుకి శత్రువు నీళ్ళు. ఫిల్టరు అడుగున నీళ్ళు వేరుపడే గిన్నె ఉంటే దారిలో రోజూ పొద్దున ఒకసారి వదలండి.

పాత ఇంజనుకి టర్బో (గాలిని ఒత్తి ఇంజనులోకి నెట్టేది) లేకపోతే కొండల మీద ఓపిక పట్టాలి. 4,000 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్ర మట్టంలో ఉండేదానిలో 60 శాతం చిల్లరే. పంపు మాత్రం డీజిల్ అంతే పోస్తుంది, అందుకే నల్ల పొగ. యాక్సిలరేటర్ తొక్కి లాభం లేదు, గేరు దించండి.

ప్రశ్న: అన్నయ్య గారూ, మా ఇంటి బండిలో పొద్దున లేచేసరికి గోడలకి చెమట, పరుపు అడుగున తడి. చలికి డీజిల్ హీటరు పెట్టించాం. కిటికీలు మూసే పడుకుంటాం. ఇన్సులేషన్ ఇంకాస్త వేయించాలా?

జవాబు: ముందు ఆ కిటికీ ఒకటి కొంచెం తీసి పడుకోండమ్మా. ఇద్దరి ఊపిరి, ఒంటి తేమ కలిపి రాత్రికి దాదాపు అర లీటరు నీరు గాల్లో చేరుతుంది. అది ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ దిగుతుంది. ఫోమ్ ఎంత మందంగా వేసినా, లోపలి నుంచి బయటికి ఒక్క అల్యూమినియం పట్టీ తగిలి ఉంటే చలి దాని గుండానే వస్తుంది. వేడిని లాగడంలో అల్యూమినియం స్టీలుకి మూడు నాలుగు రెట్లు. చెమట పట్టిన చోట్లు చాక్‌పీస్‌తో గీసి చూడండి, లోపలి ఫ్రేము బొమ్మ గోడ మీద కనపడుతుంది. ఆ పట్టీల మీద ఫోమ్ వేయిస్తే చాలు, గోడంతా అక్కర్లేదు. పరుపు కింద చెక్క పలకకి బదులు సందులున్న పట్టీలు వేయించండి.

హీటరు మాటే నన్ను కంగారు పెట్టింది. దాని పొగ గొట్టం బండి కిందనుంచి పక్కకి, కిటికీకి దూరంగా తెరుచుకుంటోందా? నడుమ ఎక్కడా అతుకు వదులు లేదు కదా? కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, నిద్రలోనే తీసుకుపోతుంది. మంచం దగ్గర దాని అలారం పెట్టించండి, ఈరోజే. వంట గ్యాసు గాలికంటే బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది కాబట్టి సిలిండరు పెట్టిన అలమర అడుగుభాగంలో బయటికి చిల్లు ఉండాలి.

ప్రశ్న: నీళ్ళ ట్యాంకు, బ్యాటరీలు ఎక్కడ పెట్టాలి? బండి 24 వోల్టులు, మా ఫ్రిజ్, లైట్లు 12 వోల్టులు.

జవాబు: 24 వోల్టుల కోసం వరసగా కలిపిన రెండు 12 వోల్టుల బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 వోల్టులు లాగొద్దు. ఒకటి ఎప్పుడూ ఆకలితో, ఇంకొకటి ఎప్పుడూ అతిగా ఛార్జయి రెండూ చస్తాయి. 24 నుంచి 12కి మార్చే కన్వర్టరు పెట్టండి. ఇంటికి లిథియం బ్యాటరీ వేస్తే వెచ్చగా ఉండే లోపలి భాగంలోనే పెట్టాలి, సున్నా డిగ్రీల కింద వాటిని ఛార్జ్ చేయకూడదు.

300 లీటర్ల నీళ్ళంటే 300 కిలోలు. ట్యాంకు రెండు యాక్సిళ్ళ మధ్య, నేలకి దగ్గరగా ఉండాలి. వెనక యాక్సిల్ దాటి పెడితే ముందు తేలిపోయి స్టీరింగు తేలికవుతుంది. పైకప్పు మీద స్పేర్ టైరు పెడదామనుకుంటే మానుకోండి. ఇంత పెద్ద లారీ టైరు రిమ్ముతో కలిపి వంద కిలోల దాకా తూగుతుంది, పక్కకి ఒరిగినప్పుడు అదే బండిని లాగేస్తుంది.

ఇంకా అలమరలు కట్టకముందే, ఖాళీ పెట్టెతో బండిని ఒకసారి కాటా మీదకి తీసుకెళ్ళండి. ముందు యాక్సిల్ ఒకసారి, వెనక యాక్సిల్ ఒకసారి, కుదిరితే కుడి ఎడమలు కూడా విడివిడిగా తూయించి రాసుకోండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెద్ద షీటు ఒక్కటే సుమారు 35 కిలోలు. ఆ కాగితం నాకు పంపితే, ట్యాంకు ఎన్ని అంగుళాలు ముందుకి జరపాలో వచ్చే సంచికలో లెక్కేసి చెబుతాను.