బొమ్మలు, చేతి అక్షరాలతో నా ఏడీహెచ్‌డీ గురించి చెప్పుకోవాలనుంది. డ్రాయింగ్ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముప్పై రెండేళ్లకు ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవకపోవడం, కుదురు లేకపోవడం లాంటివి ఉండే మెదడు తీరు) అని తేలిందని, ఆ సంగతి బొమ్మల్లో, అక్షరాల్లో పెట్టాలనుందని, ఎప్పుడూ డ్రాయింగ్ నేర్చుకోలేదని రాశారు. చివర్లో బ్రాకెట్లో ఇంకో మాట అడిగారు: "నాకు మేఘాలంటే పిచ్చి, అది ఇందులోకి వస్తుందా లేక వేరే సంగతా?" నన్నడిగితే ఆ బ్రాకెట్లో ఉన్నదే మీ మొదటి పేజీ.

ముందు నేను చేసిన పొరపాటు చెప్తాను. నాకు 36వ ఏట ఏడీహెచ్‌డీ అన్నారు, ఇంకో రెండేళ్లకు ఆటిజం కూడా ఉందన్నారు. (2013లో డీఎస్ఎం-5, అంటే మానసిక నిర్ధారణలకు డాక్టర్లు చూసే అమెరికన్ పుస్తకం ఐదో కూర్పు, వచ్చేదాకా ఆ పుస్తకం ప్రకారం ఈ రెండిటినీ ఒకే మనిషికి కలిపి నిర్ధారించడానికి వీల్లేదు. నా విషయంలో ఆలస్యానికి అదొక్కటే కారణం కాదులెండి. "చదువుకున్నారు, ఉద్యోగం చేసుకుంటున్నారు, మీకేమిటండీ" అని పంపేసినవాళ్లూ ఉన్నారు.) రిపోర్టు చేతికొచ్చిన వారంలోనే స్కెచ్‌బుక్ కొని కూర్చున్నాను. మెదడు బొమ్మ గీశాను. అందులో పళ్లచక్రాలు. పక్కన మండుతున్న అగ్గిపుల్ల. కింద లావుపాటి అక్షరాలతో "నా మెదడు వేరు". అలాంటివి ఆరు గీశాను. చూసినవాళ్లందరూ బాగున్నాయన్నారు. నాకు మాత్రం ఒక్కదానిలోనూ నేను కనిపించలేదు. ఏ అవగాహన పోస్టర్ మీదైనా అతికించొచ్చు వాటిని.

రెడీమేడ్ గుర్తులతో వచ్చే చిక్కే అది. ఆటిజానికి పజిల్ ముక్క గుర్తు 1963లో బ్రిటన్‌లో పుట్టింది. ఇప్పుడు చాలామంది ఆటిస్టిక్ మనుషులకు అది నచ్చదు, తామేదో తప్పిపోయిన ముక్కలన్నట్టు ఉంటుందని. దాని బదులు రంగురంగుల అనంతం గుర్తు వాడుతున్నారు. అది నయమే. కానీ నాకు ముడులంటే పిచ్చి, ఆ కళ్లతో చూస్తే అనంతం గుర్తు అసలు ముడే కాదు. ఒక్క మెలిక విప్పితే ఉత్త గుండ్రటి ఉంగరం అయిపోతుంది. ఈ మాట నాలుగుచోట్ల చెప్పాను, ఎవరూ నవ్వలేదు.

అవును, ముడులు. తాళ్లకు వేసేవి. చిన్నప్పటి నుంచి జేబులో ఒక మూర తాడు లేకుండా బయటికి వెళ్లను. దాన్ని ఎవరికీ చెప్పేవాణ్ని కాదు. ఆ ఆరు బొమ్మల మీద విసుగుపుట్టి పాత నోటుబుక్కులు తిరగేస్తుంటే కనిపించింది: ఆరేళ్ల మీటింగ్ నోట్సు, ప్రతి పేజీ అంచునా ముడులు. కొన్నిచోట్ల నోట్సే ముడుల అంచున ఉందనాలి. వాటిని చూడగానే "ఇది నేనే" అనిపించింది. మీటింగులో బొమ్మలేమిటని ఎవరైనా అంటే చెప్పడానికి ఒక చిన్న ముచ్చట ఉంది. 2009లో జాకీ ఆండ్రేడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 40 మందికి విసుగుపుట్టించే ఫోన్ మెసేజ్ వినిపించింది. వింటూ కాగితం మీద ఆకారాలకు పెన్సిల్‌తో రంగు నింపినవాళ్లు, ఊరికే విన్నవాళ్లకంటే 29 శాతం ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. చిన్న ప్రయోగం, పైగా ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ల మీద చేసింది కాదు. అయినా నా మేనేజర్ నోరు మూయించడానికి సరిపోయింది.

ఇష్టాన్ని గీస్తే లోపలి సంగతి ఎలా వస్తుందని మీకు అనుమానం రావచ్చు. నా బొమ్మల్లో నాకు బాగా నచ్చినదాని కథ చెప్తాను. గణితంలో ముడులకు పట్టికలున్నాయి. తాడు తన మీదుగా తాను దాటే చోటును క్రాసింగ్ అంటారు. మూడు క్రాసింగులతో ఒకే ఒక ముడి వస్తుంది, నాలుగుతో కూడా ఒకటే, ఐదుతో రెండు, ఆరుతో మూడు, ఏడుతో ఏడు, ఎనిమిదికి వచ్చేసరికి ఇరవై ఒకటి. (సారీ, ఆపేస్తున్నాను.) 19వ శతాబ్దంలో చేత్తో గీసి వేసిన ఆ పట్టికల్లో పది క్రాసింగుల ముడులు రెండు, వేరువేరు అన్నట్టుగా డెబ్బై ఏళ్లకు పైగా పక్కపక్కనే ఉండిపోయాయి. 1970ల్లో కెన్నెత్ పెర్కో అనే న్యాయవాది ఆ రెండూ ఒకటేనని చూపించాడు. తాడు తెంపకుండా అటూ ఇటూ జరుపుకుంటూ పోతే ఒకటి రెండోదైపోతుంది.

ఆ జంటను రెండు ఎదురెదురు పేజీల్లో గీశాను. ఎడమ పేజీ కింద "ఆఫీసులో", కుడి పేజీ కింద "తలుపు వేసుకున్నాక". అంతే, ఇంకో మాట రాయలేదు. మా అక్క చాలాసేపు చూసి, "ఈ రెండూ ఒకటేనట్రా?" అంది. నేను మాస్కింగ్ (నలుగురిలో మామూలుగా కనిపించడానికి అసలు తీరును దాచుకోవడం) గురించి అంతకుముందు తనకు మూడుసార్లు వివరించి ఓడిపోయాను.

ఇక అక్షరాల సంగతి. మీ చేతిరాత బాగోదని రాశారు. నాదీ అంతే, చిన్నప్పుడు దానికి తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. కానీ చేతిరాత వేరు, కాలిగ్రఫీ వేరు, లెటరింగ్ వేరు. కాలిగ్రఫీలో అక్షరాన్ని రాస్తాం, చెయ్యి ఊపు మీదే అంతా ఉంటుంది. లెటరింగ్‌లో అక్షరాన్ని బొమ్మలా గీస్తాం. పెన్సిల్‌తో వేసి, చెరిపి, పైన ట్రేసింగ్ పేపర్ పెట్టి దిద్ది, మళ్లీ దాని మీద ఇంకో ట్రేసింగ్ పేపర్ పెట్టి, చివరికి పెన్ను పడుతుంది. ఒక్క 'స' గంట పట్టినా అడిగేవాళ్లుండరు. తెలుగు అక్షరాలు మెలికలు తిరిగినవి కావడం నాకు కలిసొచ్చింది, తాడు ఎటు తిప్పినా ఏదో ఒక అక్షరం పోలిక వస్తుంది.

ఏ మాట గీయాలన్నది అన్నిటికంటే కష్టం. స్ఫూర్తినిచ్చే వాక్యాల జోలికి వెళ్లకండి, మళ్లీ ఆ అగ్గిపుల్ల దగ్గరికే చేరతారు. రోజూ మీ నోట్లోంచి వచ్చే మాట పట్టుకోండి. నాది "సరే". రోజుకు ఎన్నిసార్లు అంటానో లెక్కలేదు, అందులో నిజంగా సరే అయినవి తక్కువ. ఏ4 కాగితాన్ని ఇరవై నాలుగు గడులు చేసి ఒక్కో గడిలో ఒక్కో సరే గీశాను. మాట సగమే విని అన్న సరేలో 'స' నిండుగా ఉంది, 'ర' పూర్తికాకుండానే ఆగింది, ఏత్వం ఎగిరి పక్క గడిలో పడింది. చుట్టూ గోల భరించలేక అన్న సరేకు అసలు గీతే లేదు, గడి నిండా దట్టంగా గీతలు కొట్టి అక్షరాలు ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేశాను. నలుగురిలో ఎలా అనాలో చూసి నేర్చుకున్న సరేను వేరేవాళ్ల చేతిరాత మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి దించాను.

చివరి గడిలో సరేను ఒకే తాడుతో వేశాను. తాడు గీయడం పైకి కనిపించినంత కష్టం కాదు. ముందు పెన్సిల్‌తో ఒకే గీత, స మొదలు నుంచి రే చివరిదాకా. తర్వాత ఆ గీతకు రెండు పక్కలా సమాన దూరంలో రెండు గీతలు. తాడు తనను దాటే ప్రతిచోటా ఏది పైన ఏది కింద అని తేల్చుకుని, కిందిదాని గీతలు అక్కడ చెరిపేయాలి. పై తాడుకు ఆనుకుని వెంట్రుకవాసి ఖాళీ వదిలితే లోతు దానంతటదే వస్తుంది. ఆఖర్న మెలి కనిపించేలా ఏటవాలు గీతలు, వంపు దగ్గర కాస్త దగ్గరదగ్గరగా. అన్నీ అయ్యాక వేలితో తాడు వెంబడి పోయి చూసుకున్నాను. ఒకచోట పైనా కిందా తారుమారు చేశాను. చూడ్డానికి బిగుసుకున్న ముడిలాగే ఉంది, కానీ నిజం తాడైతే రెండు కొసలూ పట్టి లాగగానే జారిపోతుంది. వైటనర్ మూత తీసి కూడా దిద్దకుండా వదిలేశాను. నా సరేలలో ముప్పాతిక అలాంటివే.

సాంకేతికంగా చిన్నచిన్నవి కొన్ని. తెలుగులో వరుసకూ వరుసకూ మధ్య ఇంగ్లీషుకంటే ఎక్కువ చోటు వదలాలి. పై వరుస వత్తులు కిందికి దిగుతాయి, కింది వరుస గుడిదీర్ఘాలు పైకి లేస్తాయి, మధ్యలో గుద్దుకుంటాయి. గుండ్రటి భాగాలు గీసుకున్న హద్దు గీతను పిసరంత దాటాలి, సరిగ్గా ఆనిస్తే కంటికి చిన్నవిగా కనిపిస్తాయి. ఇంకోటి: ఒకే మాటను గంటలకొద్దీ గీస్తే దాన్ని చదవడం మానేస్తాం, ఆకారాలు మాత్రమే కనిపిస్తాయి. నేను ఒకసారి "నిశ్శబ్దం" అని ఎంతో ముచ్చటగా ఇంకు వేసి, రంగు వేసి, గోడకు తగిలించాను. తొమ్మిది రోజులకు ఇంటికొచ్చిన ఫ్రెండ్ చెప్పాడు, శ కింద వత్తు లేదని. ఇప్పుడు ఇంకు వేసేముందు వేరేవాళ్లతో పైకి చదివిస్తాను.

సామాన్ల దగ్గర జాగ్రత్త. మనలాంటివాళ్లకు కొనడమే పని చేసినంత తృప్తి. 48 రంగుల మార్కర్ సెట్ కొన్నాను, వాడినవి నాలుగు. ఆల్కహాల్ మార్కర్లు పల్చటి కాగితంలోంచి అవతలికి దిగిపోతాయని కూడా కొన్నాకే తెలిసింది. మొదటి నెల ఒక పెన్సిల్, ఒక నల్ల ఫైన్‌లైనర్ (సన్నటి కొన ఉన్న పెన్ను), ఒక బ్రష్ పెన్, ఒక రంగు చాలు. కాగితం మాత్రం నున్నటిది తీసుకోండి, గరుకు కాగితం మీద బ్రష్ పెన్ కొన చీలిపోతుంది. పైగా గరుకు కాగితం మీద ఆరిపోయిన మార్కర్ చేసే చప్పుడు నాకు ఒళ్లంతా పాకుతుంది. మీకు రబ్బరు పొట్టు చేతికి తగిలితే చిరాకా, ఇంకు వాసన పడదా, ముందే చూసుకోండి. పడకపోతే ట్యాబ్లెట్ మీద గీయండి, అందులో తప్పేం లేదు. నాకు అది కుదరలేదు, అన్‌డూ నొక్కుతూ ఒకే వంపును రెండు వందల సార్లు గీశాను.

సైజు పోస్ట్‌కార్డంత ఉంటే మేలు. ఏ6 కాగితం, 105 బై 148 మిల్లీమీటర్లు. ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది, అవ్వకపోయినా పారేయడానికి మనసొప్పుతుంది. సామాన్లు సొరుగులో పెట్టకండి, కంటికి కనిపించకపోతే మనకు అవి లేనట్టే. టేబుల్ మీదే పరిచి ఉంచండి, ఇంట్లోవాళ్లతో ఒకసారి మాట్లాడుకుంటే సరి. నేను అక్షరం మధ్యలో ఆపి లేస్తాను. మర్నాడు ఖాళీ కాగితం ముందు కూర్చోవడం నాకు చేతకాదు, సగం గీసిన 'ర' ఉంటే దాన్ని పూర్తిచేయడానికైనా కూర్చుంటాను. హైపర్‌ఫోకస్‌లో, అంటే ఒకే పనిలో లోకం మర్చిపోయేంతగా మునిగిపోయి, ఐదు గంటలు కదలకుండా గీసి మణికట్టు పట్టేసి పది రోజులు పెన్ను ముట్టలేదు. అలారం పెడితే చూడకుండానే ఆపేస్తాను కాబట్టి, ఫోన్‌ను పక్క గదిలో పెట్టి అక్కడ మోగిస్తున్నాను.

అందరికీ చూపించాలా అన్నది మీ ఇష్టం. నేను మొదటి ఏడాది ఎవరికీ చూపించలేదు, అది మంచిదైంది. చూపిస్తే "ఇది అందరికీ ఉండేదేగా" అనేవాళ్లు తప్పకుండా వస్తారు. వాళ్లకు జవాబివ్వడానికి గీయడం మొదలుపెడితే బొమ్మలు మళ్లీ పోస్టర్లైపోతాయి. ఆన్‌లైన్‌లో పెడితే చేతి అక్షరాలతో ఉన్న మాటను మామూలు టైపులో కూడా కింద ఇవ్వండి. డిస్లెక్సియా ఉన్నవాళ్లకు మెలికల అక్షరాలు చదవడం కష్టం, చూపు లేనివాళ్లకు తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు బొమ్మలోని అక్షరం సరిగ్గా అందకపోవచ్చు. మన గురించి చెప్పుకునే బొమ్మ మనలాంటి ఇంకొకరికి అందకపోతే ఏం బాగుంటుంది?

ఇది చికిత్సా అని కూడా అడిగారు. కాదు. ఆర్ట్ థెరపీ అంటే దానికి శిక్షణ పొందినవాళ్లు చేయించేది. నాకు దీనివల్ల బిల్లులు టైముకు కట్టడం రాలేదు, తాళంచెవులు దొరకలేదు.

మీ మేఘాల దగ్గరికొస్తే, 1802లో ల్యూక్ హోవర్డ్ అనే ఆయన వాటికి లాటిన్ పేర్లు పెట్టాడని మీకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది. సిర్రస్ అంటే జుట్టు ముంగురులు, క్యుములస్ అంటే కుప్ప, స్ట్రాటస్ అంటే పొర. 'కుప్ప' ఎంత మంచి లెటరింగ్ మాటో చూడండి, ప కింద పావత్తుతో సహా. నేనైతే ముందు మూడ్‌లకు మేఘాలు గీసే పని పెట్టుకోను. మేఘం చూస్తూ నిలబడి బస్సో, పరీక్షో, ఎవరి మాటో పోగొట్టుకున్న ఒక రోజు మీకు ఉండే ఉంటుంది. ఆ రోజు పైన ఉన్నది ఏ రకం మేఘమో గుర్తుంటే అదొక్కటి పోస్ట్‌కార్డంత కాగితం మీద గీసి, కింద ఆ పోగొట్టుకున్నదాని పేరు అక్షరాల్లో వేయండి. గీశాక, చూపించాలనిపిస్తే, ఇక్కడే కింద పెట్టండి. నేను ముందు మేఘం రకం సరిగ్గా చెప్పగలనో లేదో చూసుకుంటాను.