హాస్టలా, మేనమామ ఇల్లా?

మాది ఉదయగిరి దగ్గర పల్లెటూరు. నాన్న పోయి ఆరేళ్లయింది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఈఏపీసెట్ ర్యాంకుతో నెల్లూరులో ఇంజినీరింగ్‌లో కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ) సీటు వచ్చింది, ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటాలోనే. ఇంగ్లీషులో చెప్పే పాఠాలు అర్థమవుతాయో లేదో, ర్యాగింగ్ ఉంటుందేమో అని టెన్షన్‌గా ఉంది. ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనాలా? నెల్లూరులో ఉండే మేనమామ ‘మన ఇల్లుండగా హాస్టలేంది అక్కా’ అంటున్నాడు. నా ఇంటర్ ఫీజులు కట్టింది ఆయనే. వాళ్లబ్బాయి రొయ్యల మేత షాపు చూసుకుంటున్నాడు, ల్యాప్‌టాప్ తనే కొనిస్తానంటున్నాడు. మొన్న ఒక పెళ్లిలో మామయ్య అందరి ముందూ ‘నాలుగేళ్లు పోతే ఎటూ మా ఇంటికి రావాల్సిన పిల్లే’ అన్నాడు. అమ్మ నవ్వి ఊరుకుంది. కాలేజీకి ఎలా సిద్ధం కావాలి? ఎక్కడ ఉంటే చదువు బాగా సాగుతుంది?
– ఒక విద్యార్థిని

తల్లీ, నువ్వడిగిన వాటిలో సగానికి మొదటి సెమిస్టర్ అయ్యేలోపు నీకే జవాబులు దొరుకుతాయి. ఇంగ్లీషు భయం నీ ఒక్కదానిదే కాదు, క్లాసులో చాలామందికి ఉంటుంది, పైకి చెప్పరంతే. పాఠం ఇంగ్లీషులో మొదలుపెట్టినా మధ్యలో తెలుగులోకి దిగే లెక్చరర్లే ఎక్కువ. పరీక్ష మాత్రం ఇంగ్లీషులో రాయాలి కాబట్టి ఆ రోజు చెప్పిన పాఠం ఆ రాత్రే ఒక పేజీ రాసుకో, పుస్తకం మూసి. మార్కుల్లో 30 మిడ్ పరీక్షలవీ ఇంటర్నల్సువీ, 70 సెమిస్టర్ చివరివి. ఆ 30ని చులకనగా చూసినవాళ్లే బ్యాక్‌లాగ్‌లు, అంటే తప్పిన సబ్జెక్టులు పోగేసుకుంటారు. హాజరు 75 శాతం ఉండాలి. 65 దాకా అనారోగ్యం చూపించి, ఫైను కట్టి బయటపడొచ్చు. అంతకన్నా తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ర్యాగింగ్ మన రాష్ట్రంలో 1997 నుంచి చట్టప్రకారం నేరం. ఎవరైనా హద్దు దాటితే 1800-180-5522కు ఫోన్ చెయ్యి, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. ఇక్కడితో కాలేజీ సంగతి అయిపోయింది.

నీ ఉత్తరంలో నన్ను ఆపింది ఒక్క మాట. అమ్మ నవ్వి ఊరుకుంది.

ఆ నవ్వుకు అర్థమేమిటో నీకు తెలియదు. నువ్వు అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ పెళ్లి నుంచి ఇంటికొచ్చేటప్పుడు బస్సులో పక్కపక్కనే కూర్చుని ఉంటారు మీరిద్దరూ. అప్పుడూ ఆ మాట ఎత్తి ఉండరు. మామయ్య మనసులో ఏముందో పెళ్లికొచ్చిన వాళ్లందరికీ తెలిసింది. మీ అమ్మ మనసులో ఏముందో ఆమె కడుపున పుట్టిన నీకు తెలియదు. నీ కష్టమంతా ఇక్కడుంటే నువ్వు హాస్టలా, ఇల్లా అని నన్నడుగుతున్నావు.

మామయ్య చెడ్డవాడని నేననను. మీ నాన్న పోయాక అక్కను, మేనకోడలిని విడిచిపెట్టని మనిషి. అలాంటి తమ్ముళ్లు అందరికీ ఉండరు. మేనరికం మంచిదా, కాదా అన్న చర్చలోకీ నేను వెళ్లను. బావంటే నీకు ఇష్టమో, కాదో నువ్వే రాయలేదు. ఈ వయసులో అది తేల్చుకోకపోవడం తప్పేమీ కాదు. కానీ నువ్వు తేల్చుకోకముందే అది తేలిపోయే ఏర్పాటు జరుగుతోంది. ఆ ఇంట్లో చేరిన నెలకే అత్తయ్యకు వంటలో సాయం నీ పని అవుతుంది. వర్షం వచ్చిన రోజు బావ బండి మీద కాలేజీ దగ్గర దింపుతాడు, తర్వాత వర్షం లేకపోయినా దింపుతాడు. రెండో ఏడు వచ్చేసరికి వీధిలో వాళ్లు నిన్ను ఆ ఇంటి కోడలిగానే పలకరిస్తారు. అప్పుడు నువ్వు వద్దంటే ‘ఇన్నాళ్లూ ఉండి ఇప్పుడా’ అంటారు. సరేనంటే మాత్రం, అది నీ ఇష్టమో మొహమాటమో నీకే తెలియదు.

మీ అమ్మను తప్పుపట్టి చేతులు దులుపుకోవడం తేలిక. నేను ఆ పని చెయ్యను. భర్త పోయిన ఆడదానికి పుట్టిల్లంటే ఆ తమ్ముడొక్కడే అయినప్పుడు, పదిమందిలో వాడి మాట కాదనడం చిన్న విషయం కాదు. అయినా కూతురికి చెప్పాల్సింది చెప్పే బాధ్యత తల్లిదే. ఆమె చెప్పలేకపోతే నువ్వు అడుగు. కోపంగా వద్దు, నలుగురిలో వద్దు. ‘అమ్మా, మామయ్యకు నువ్వేమన్నా మాట ఇచ్చావా?’ అని అడుగు. ఇచ్చానంటే అది నాన్న పోయిన కష్టంలో ఇచ్చిన మాట. ఆమె ఎందుకిచ్చిందో పూర్తిగా విను, కానీ ఆ మాట నిలబెట్టే బరువు నీ నెత్తికెత్తుకోకు. ఇవ్వలేదంటే ఆ సంగతి తమ్ముడికి ఆమె నోటితోనే చెప్పించు. నువ్వు చెబితే పొగరంటారు, అక్క చెబితే వింటాడు. నాలుగు రోజులు అలుగుతాడేమో. అలగనీ.

ఇక డబ్బు. మామయ్య లేకపోతే చదువే లేదని మీ ఇంట్లో ఒక లెక్క పాతుకుపోయి ఉంది. కాగితం మీద ఎవరైనా వేసి చూశారా? కన్వీనర్ కోటా సీటు కాబట్టి, కుటుంబ ఆదాయం రెండున్నర లక్షల లోపుంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆదాయ ధ్రువపత్రానికి సచివాలయంలో ఇప్పుడే అర్జీ పెట్టండి. ఆ డబ్బు ఆలస్యంగా వస్తుంది, ఆలోపు కాలేజీ వాళ్లు ఒత్తిడి పెడతారు, అది నిజమే. నెల్లూరులో ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్లున్నాయి, నీకు అర్హత ఉందేమో కనుక్కో. ఇంకా చాలకపోతే బ్యాంకులో విద్యారుణం అడుగు. నాలుగు లక్షల దాకా మామూలుగా ఆస్తి హామీ అడగరు, అమ్మ సంతకం పెడితే చాలు. చదువు ముగిసిన ఏడాది దాకా వాయిదాలు మొదలుకావు. అప్పంటే మీ అమ్మ బెదురుతుంది. ఇప్పుడు నెత్తి మీద ఉన్నదీ అప్పేనని, దానికి గడువూ వడ్డీ ఎవరూ చెప్పలేదని ఆమెకు చెప్పు. అన్నీ లెక్కవేశాక మిగిలిన కొద్దిపాటి సొమ్ము మామయ్య ఇస్తానంటే తీసుకో, నామోషీ ఏమీ లేదు. ఇంటర్ ఫీజులతో కలిపి ఒక నోటుబుక్కులో తేదీతో రాసుకో. ఉద్యోగం వచ్చాక తీర్చేస్తానని ఆయనతో అను. పుచ్చుకుంటాడో లేదో ఆయనిష్టం.

హాస్టల్లోనే చేరు. రెండు వారాలకోసారి ఆదివారం మామయ్య ఇంటికెళ్లి అత్తయ్య చేతి చేపల పులుసు తిని సాయంత్రానికి తిరిగి వచ్చేయ్. చుట్టరికం చెడదు సరికదా, ఇంకాస్త బాగుంటుంది.

ల్యాప్‌టాప్ మొదటి ఏడాది లేకపోయినా గడుస్తుంది, ప్రోగ్రామింగ్ నేర్చుకునేది కాలేజీ ల్యాబ్‌లోనే. రెండో ఏడు అవసరమైతే సెకండ్ హ్యాండ్‌ది చూసుకో. బావ కొనిస్తానన్నది మాత్రం వద్దను. ఎందుకని అడిగితే, ఇప్పుడు అవసరం లేదని చెప్పు. అది అబద్ధం కూడా కాదు.